పాలపళ్ళ రంపం

ఆదివారం పొద్దున పాత సామాన్ల సంతలో నేను అడుగుపెడితే చాలు, అమ్మేవాళ్ళు ఒకరికొకరు కనుసైగ చేసుకుంటారు. "తుప్పక్క వచ్చిందిరోయ్" అనుకుంటారు. నన్ను ఉడికించడానికి పెట్టిన పేరది. నేను మాత్రం దాన్ని బిరుదులాగానే మోస్తున్నాను. తుప్పు కింద ఏముందో చూడగలిగిన కన్ను ఆ సంత మొత్తానికి నాకొక్కదానికే ఉంది. గొప్పలు చెప్పుకుంటోందని మీరనుకుంటే అనుకోండి. ఇది గొప్పలు చెప్పుకోవలసిన కథే.

మొన్నటికి మొన్న ఒకాయన పటకారులాంటి వస్తువొకటి నా చేతిలో పెట్టి, "కాలిగోళ్ళు కత్తిరించేదక్కా, పాతకాలంది, పెద్దింటి సరుకు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. అది రంపం పళ్ళను ఒకటి అటూ ఒకటి ఇటూ వంచే పనిముట్టు. అలా వంచకపోతే రంపం చెక్కలోకి దిగి అక్కడే ఇరుక్కుపోతుంది. దాంతో గోళ్ళు కత్తిరించుకుంటే వేలు కూడా మిగలదని చెప్పి, అసలు పనేమిటో వివరంగా విప్పి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, వెంటనే ధర పెంచాడు. నా నోరే నాకు శత్రువు.

రంపాలకు పదును పెట్టడం నా వృత్తి. పాత చేతి పనిముట్లు వెతికి తెచ్చి, బాగుచేసి, పనివాళ్ళకు అమ్ముతాను కూడా. ఈ పని నాకు మా అమ్మ నేర్పింది. మా నాన్న కాదు. ఈ రెండో మాట ప్రత్యేకంగా చెప్పవలసి రావడమే అసలు గొడవంతా.

మా నాన్నని ఊళ్ళో వడ్రంగులంతా సైకిలాయన అనేవారు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఆయన ఎడమ మణికట్టు బిగుసుకుపోయింది. ఒంటిచేత్తో సైకిలు తొక్కేవాడు. వెనక సీటుకి రంపాల కట్ట, నోట్లో ఏదో ఒక కూనిరాగం. పెద్ద చెక్కపని కర్ఖానాకి వెళ్ళి మొద్దుబారిన రంపాలు తెచ్చేవాడు, పదునెక్కినవి తిరిగి ఇచ్చి వచ్చేవాడు. మధ్యలో జరిగేదంతా మా వెనకగదిలో, కిటికీ పక్కన, మా అమ్మ చేతుల్లో జరిగేది.

మొదట్లో కర్ఖానా యజమాని ఆడవాళ్ళ చేతికి రంపాలివ్వనని తెగేసి చెప్పాడట. అందుకని నాన్న తానే పదును పెడుతున్నానని చెప్పాడు. ఒక నెల గడిచాక నిజం చెప్పేద్దామనుకున్నారు. ఆ నెల ముప్ఫై ఏళ్ళు సాగింది. "చెప్పేస్తానే" అని నాన్న అన్నప్పుడల్లా అమ్మే ఆపేది, ఉన్న పని ఊడుతుందని. నాన్న పోయాక రంపాలు మోసేవాళ్ళు లేక కర్ఖానా పని ఆగిపోయింది. నిజం చెప్పవలసిన మనిషి కూడా లేకుండా పోయాడు.

అమ్మ రంపాలకి ఒక గుర్తుండేది. కొనదగ్గర అయిదు పళ్ళు మిగతా వాటికంటే చిన్నవిగా, వంపు లేకుండా తీర్చేది. కోత మొదలుపెట్టేటప్పుడు రంపం చెక్క మీద ఎగరకుండా ఆ అయిదే ముందు మెల్లగా దారి చేస్తాయి. వాటిని అమ్మ పాలపళ్ళు అనేది. ఊళ్ళో ఇంకెవరూ అలా చేసేవారు కాదు. ఆ అయిదు పళ్ళను చూసే వడ్రంగులు "సైకిలాయన రంపం" అని గుర్తుపట్టేవారు, ఒకరి రంపం ఇంకొకరు అడిగినా ఇచ్చేవారు కాదు.

ఇప్పుడు సంగతికి వస్తాను. మా ఊరి వడ్రంగం బడిలో పాత పనిముట్లకు ఒక గది తయారుచేశారు. దాని పెత్తనం పెద్దమేస్త్రీగారిది. కర్ఖానాలో నలభై ఏళ్ళు పనిచేసినవాడు, చెక్క వాసన చూసి చెట్టు వయసు చెప్పే రకం. గది తెరవడానికి పది రోజుల ముందు, పనిముట్లు గుర్తుపట్టడంలో సాయం చెయ్యమని నన్ను పిలిచాడు. అమ్మ కూడా వస్తానంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఇల్లు కదిలి నెలలవుతోంది. ఉతికిన చీర కట్టుకుని నాకంటే ముందే గుమ్మంలో నిలబడింది.

గోడకి వరసగా రంపాలు వేలాడుతున్నాయి. నడుమ అన్నిటికంటే మంచిచోట నాలుగు పాలపళ్ళ రంపాలు. కింద అట్టముక్క మీద పెద్దమేస్త్రీగారి ముత్యాల్లాంటి అక్షరాలు: "సైకిలాయన తీర్చిన రంపాలు. కొనన అయిదు చిన్న పళ్ళు ఆయన గుర్తు." ఆ అట్టలన్నీ చూసి ఇత్తడి రేకుల మీద చెక్కించబోతున్నారట.

అమ్మ చాలాసేపు చదివింది. తర్వాత చాలా మామూలుగా, కూరలో ఉప్పెంత వేశానో చెప్పినట్టు, "ఇవి నేను చేసినవి అన్నయ్యగారూ" అంది.

పెద్దమేస్త్రీగారు ఆప్యాయంగా నవ్వాడు. "అవును చెల్లెమ్మా, నాకు తెలీదా? ఇంట్లో నువ్వూ సాయం చేసే ఉంటావు."

సాయం! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అయినా ఆగలేదు నేను. "ముప్ఫై ఏళ్ళు మా అమ్మ కూర్చున్న బల్ల అరిగిపోయింది మేస్త్రీగారూ. మా నాన్న ఆకురాయి ముట్టుకుంటే ఒట్టు" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు, వచ్చినా బాగుండేది. "నువ్వు చిన్నపిల్లవమ్మా అప్పుడు. నా చేతికి రంపం ఇచ్చింది సైకిలాయన. ఎలా చేశావయ్యా అంటే నవ్వేవాడు. చూడని దాన్ని నేను రేకు మీద ఎలా చెక్కించను? నాకు ఏదైనా చూపించు. కళ్ళతో కాకపోతే చేత్తో అయినా తెలియాలి" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పేమీ లేదు. సంతలో నేనూ అంతే, ఎవడు ఏం చెప్పినా వస్తువు చెప్పిందే నమ్ముతాను. అమ్మ అక్కడే ఒక రంపం తీర్చి చూపిస్తే తేలిపోయేది. కానీ రెండేళ్ళుగా ఆమె చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. పోనీ నేను పాలపళ్ళు తీర్చి చూపిస్తే, మీ నాన్న నేర్పాడంటాడు.

అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "ఇత్తడి మీద చెక్కేస్తే ఇంక అంతేనే. కాగితమైతే ఎప్పుడో చిరిగిపోయేది" అంది. ఆమెకి కావలసింది పెద్ద సన్మానమేమీ కాదు. ముప్ఫై ఏళ్ళ పనికి, తను చచ్చిపోకముందు, ఒక్కచోట తన పేరు. అంతే.

ఆ ఆదివారం సంతకి వెళ్ళినప్పుడు నా కళ్ళు మరేదీ చూడలేదు. రంపం కనబడితే చాలు, ఎత్తి చూశాను. ఏం దొరికితే రుజువవుతుందో నాకే తెలియదు. చివరి వరసలో, తలుపు గొళ్ళేల పెట్టె కింద, ఒక నిలువుకోత రంపం కనబడింది. చెక్కని పొడవునా చీల్చే రంపమది. రేకు మీద ఎర్రటి తుప్పు, పిడికి పట్టిన దుమ్ములో సాలెగూడు, పళ్ళ పొడవునా గట్టిగా ఎండిపోయిన నల్లటి పట్టీ ఏదో అతుక్కుని ఉంది.

"తోలక్కా. అసలైన తోలు" అన్నాడు అమ్మేవాడు.

"తోలే" అని నేనూ అన్నాను, పెద్ద తెలిసినదానిలా. పిడి చెక్క మంచిది, రేకు వంచి వదిలితే గంటలా మోగింది. కొనేశాను.

మా ఇంట్లో ఒక ఆచారముంది. గుమ్మం దాటి లోపలికి వచ్చిన రంపం ఆ పూటే పదునెక్కాలి. మొద్దు రంపం ఇంట్లో ఉంటే అమ్మకి అన్నం సహించేది కాదు. నేనూ అలాగే తయారయ్యాను. రాగానే ఆ పట్టీని కత్తితో చీరి తీసి చెత్తబుట్టలో పడేశాను. కొనదగ్గర జానెడు ముక్క రాయిలా అతుక్కుపోయి రాలేదు. దాని సంగతి తర్వాత చూద్దామని వదిలేశాను. పళ్ళ మీద నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. మొద్దేలే అనుకున్నాను. రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, ముక్కోణపు ఆకురాయి తీసుకుని, పిడి దగ్గర నుంచి మొదలుపెట్టాను. మనసులో పెద్దమేస్త్రీగారితో పోట్లాడుతున్నాను, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. సగం పళ్ళు అయ్యాయి.

"ఆపు!"

అమ్మ కేక. వంటగదిలోంచి గోడ పట్టుకుంటూ వస్తోంది. "ఆపవే! ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తాను, పదును పెడుతున్నా."

"అది మొద్దుగా లేదు. చెవులు పనిచెయ్యడం లేదా నీకు? మొద్దు పన్ను మీద ఆకురాయి గుర్రుమంటుంది. ఇది ఈల వేస్తోంది. పదునున్న పళ్ళని అరగదీస్తున్నావు." వంటగదిలో పోపు చిటపటల మధ్య ఆమె ఆ తేడా విన్నది. రెండడుగుల దూరంలో కూర్చున్న నేను వినలేదు.

చెత్తబుట్టలో పైనే ఉన్న నల్లటి పట్టీని అమ్మ తీసింది. వేళ్ళ మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖం మారిపోయింది.

"తోలంటావేంటే దీన్ని? ఇది సైకిల్ ట్యూబు."

అప్పుడు గుర్తొచ్చి నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. నాన్న పదునైన రంపాలు కట్టగట్టే ముందు, ఒకదాని పళ్ళు ఇంకొకదానికి తగలకుండా పాత ట్యూబు చీల్చి తొడిగేవాడు. లోపల గ్రీజు పూసి, ఒంటిచేత్తో, నోటిపళ్ళతో పట్టుకుని లాగుతూ. నా చిన్నతనమంతా చూసిన తొడుగు అది. ఊరందరి తుప్పు గుర్తుపట్టే తుప్పక్క, సొంత తండ్రి తొడుగుని తోలనుకుని చెత్తలో పడేసింది.

కొనదగ్గరి ముక్కని కిరసనాయిలుతో తడిపి, మెల్లగా ఊడదీశాం. కింద అయిదు పాలపళ్ళు, నిన్న తీర్చినట్టు మెరుస్తున్నాయి. ఎవరో వడ్రంగి అమ్మ పదును పెట్టిన రంపాన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఏ కారణంవల్లో తొడుగైనా విప్పకుండా దాచేసుకున్నాడు. అమ్మ చివరిసారి ముట్టుకున్న పళ్ళు అవి, ఒక్క కోతైనా కొయ్యనివి. అందులో సగం నేను నా చేతులతో తుడిచిపెట్టాను.

నాకు ఏడుపొచ్చింది. "దొరక్క దొరక్క దొరికింది, నాశనం చేశానమ్మా" అన్నాను.

అమ్మ తన బొటనవేలిని పిడి దగ్గర నుంచి పళ్ళ పక్కన మెల్లగా జరుపుకుంటూ వెళ్ళింది. సగంలో ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. తర్వాత రేకు రెండో పక్కకి వేలు మార్చి, అదే చోట ఆపింది.

"నాశనం చెయ్యలేదు" అంది. ఆమె గొంతులో నవ్వుంది. "ఇక్కడిదాకా నువ్వు. ఇక్కడినుంచి నేను. ముట్టుకుని చూడు."

ముట్టుకున్నాను. నా వేలికీ తెలిసింది.

నిలువుకోత రంపానికి పళ్ళన్నీ ఒకే పక్క నుంచి అరగదీస్తాం. ఆకురాయి వెళ్ళిన పక్క నున్నగా ఉంటుంది, అది బయటికి వచ్చే అవతలి పక్క సన్నటి గరుకు లేస్తుంది. కంటికి కనబడదు, వేలికి తగులుతుంది. రెండు రోజులు వాడితే అదీ పోతుంది. కుడిచేతివాటంవాళ్ళు రంపం పిడి తమకి కుడివైపు ఉండేలా బిగిస్తారు. నేనూ అంతే. మా అమ్మది ఎడమచేతివాటం. పిడి ఎడమవైపు పెట్టుకునేది, అంటే రేకు రెండో ముఖం ఆమెకెదురుగా ఉండేది. అందుకని నా గరుకు ఒక పక్కన లేస్తే, ఆమె గరుకు రెండో పక్కన లేస్తుంది. ఆ ఒక్క రంపం మీద, సరిగ్గా సగంలో, గరుకు ఈ పక్క నుంచి ఆ పక్కకి మారుతోంది.

నేను రంపం అంతా పూర్తిచేసి ఉంటే ఏమీ మిగిలేది కాదు. అసలు మొదలే పెట్టకపోయి ఉంటే ఆ తేడా అంత తేటగా తెలిసేదీ కాదు.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళాం. రంపాన్ని గుడ్డలో చుట్టి అమ్మే పట్టుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. పెద్దమేస్త్రీగారు అట్టముక్కలన్నీ చెక్కేవాడికి పంపడానికి పెట్టెలో సర్దుతున్నాడు. అమ్మ గుడ్డ విప్పి రంపాన్ని ఆయన బల్ల మీద పెట్టింది.

"కళ్ళజోడు అక్కర్లేదు అన్నయ్యగారూ. మీ బొటనవేలు చాలు."

ఆయన ముందు పాలపళ్ళు చూసి, "సైకిలాయనదే" అన్నాడు. తర్వాత వేలు పెట్టాడు. పిడి నుంచి మొదలైంది వేలు. సగంలో టక్కున ఆగింది. ఆయన నా వైపు చూసి, మళ్ళీ రంపం వైపు చూశాడు. రేకు తిప్పి రెండో పక్క వేలు నడిపాడు. పనితనం తెలిసినవాడు కాబట్టి నేనేమీ వివరించలేదు. నా జన్మలో నోరు మూసుకుని కూర్చున్న అతి కొద్ది సందర్భాల్లో అదొకటి.

"రెండు చేతులు పడ్డాయి దీని మీద" అన్నాడు. "పిడివైపు సగం కొత్తది. కుడిచెయ్యి."

"అది నాది. నిన్న చేశాను" అన్నాను.

"ఈ సగం పాతది. ఇది..." వేలు ఇంకా పళ్ళ మీదే ఉంది. "ఇది ఎడమచెయ్యి."

అమ్మ తన ఎడమ అరచెయ్యి తెరిచి బల్ల మీద పెట్టింది. చెయ్యి వణుకుతోంది. బొటనవేలి పక్కన ఆకురాయి పిడి ఒరుసుకుని ఒరుసుకుని కాసిన కాయ మాత్రం గట్టిగా, పసుప్పచ్చగా అలాగే ఉంది.

పెద్దమేస్త్రీగారు వంగి ఆ కాయని చూశాడు. "సైకిలాయన ఎడమచేత్తో గ్లాసు కూడా ఎత్తలేకపోయేవాడు" అన్నాడు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. తర్వాత తలెత్తాడు. "చెల్లెమ్మా, నీకొక సంగతి చెప్పనా? కొత్తగా పదునై వచ్చిన ప్రతి రంపం మీదా ఈ గరుకు నా వేలికి తగిలేది. ఎప్పుడూ ఈ పక్కనే. సైకిలాయన రంపం తిరగేసి బిగిస్తాడు కాబోలు అనుకున్నాను. అన్నేళ్ళు నా వేలికి తెలుసు. నా బుర్రే ఎప్పుడూ అడగలేదు."

పెట్టెలోంచి ఆ అట్టముక్క వెతికి తీశాడు. నిలువునా చింపేశాడు. కొత్తది తీసుకుని, అమ్మకి కుర్చీ వేసి, "పేరు చెప్పమ్మా, పూర్తిగా" అన్నాడు. అన్నేళ్ళుగా చెల్లెమ్మా అంటున్నాడు గానీ ఆమె పేరు ఆయనకి తెలియదు. అమ్మ చెప్పింది. ఒక్కొక్క అక్షరమూ సరిగ్గా పడిందో లేదో వంగి చూసింది. నాకు కళ్ళు చెమర్చాయి, గర్వంతో ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది. ఇలాంటి తల్లికి పుట్టాను కదా అని ఆ గదిలో ఉన్న ప్రతి పనిముట్టుకీ చెప్పాలనిపించింది.

"ఈ రంపం కూడా గోడకి పెడదాం. సగం పనితో వేలాడదీస్తే బాగుండదు, మిగతా సగం కూడా నువ్వే తీర్చి ఇవ్వు" అన్నాడు ఆయన నాతో.

"వద్దు" అంది అమ్మ. "అలాగే ఉండనివ్వండి. పిడివైపు సగం నా కూతురిదని రాయండి." మొద్దు రంపం ఇంట్లో ఉంటే అన్నం తినని మనిషి, పనిని సగంలోనే వదిలెయ్యమని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

ఆయన అదీ రాశాడు. తర్వాత కలం పట్టుకుని కాస్త ఇబ్బందిగా ఆగాడు. "మరి సైకిలాయన సంగతి? రంపాలు మోసింది, తొడుగులు వేసింది... ఆ మనిషిని పూర్తిగా వదిలెయ్యలేం కదా. ఏమని రాయమంటావు?"

అమ్మ కొంగు సర్దుకుంది. గోడ మీది నాలుగు రంపాలనీ, చేతిలోని ట్యూబు ముక్కనీ చూసుకుంది. నాన్న ఉండి ఉంటే ఆ తర్వాతి మాటకి అందరికంటే ముందు ఆయనే పగలబడి నవ్వేవాడు.

"ఇంట్లో ఆయనా సాయం చేశారని రాయండి" అంది.